మిరప కల్లంలో స్వీడన్ ఎంపీ

రాజకీయ నాయకులంటే నాకు మొదట్నించీ పెద్ద గౌరవం లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని. వాళ్ల కోసం పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, ఇదిగో వస్తున్నారు అదిగో వస్తున్నారు అంటూ పూటలకు పూటలు గడిపినదాన్ని. అలాంటిదాన్ని ఒక నాయకురాలిని మెచ్చుకుంటూ రాయడానికి కూర్చున్నానంటే మా ఇంట్లోవాళ్లే నమ్మడం లేదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. తీరిక లేకపోతే జవాబు పత్రాలు దిద్దుకుంటూ చదవండి. మేం ఏం చదివినా అలాగే చదివేవాళ్లం.

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు మా పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. స్వీడన్ నుంచి ఒక పార్లమెంటు సభ్యురాలు వస్తోందట. వాళ్ల పార్లమెంటులో చదువుల వ్యవహారాలు చూసే సంఘంలో చాలాకాలంగా ఉన్న మనిషట. పనుల కోసం ఊళ్లు తిరిగేవాళ్ల పిల్లలు మన దగ్గర ఎలా చదువుకుంటున్నారో చూడాలందట. మూడు రోజులు ఆవిడ వెంట ఉండి, ఆవిడ మాటలు మనవాళ్లకీ మనవాళ్ల మాటలు ఆవిడకీ చెప్పాలి.

"జిల్లాలో ఇంతమంది ఇంగ్లీషు మాస్టార్లుండగా నేనెందుకండీ?" అన్నాను.

"వాళ్లు గ్రామర్ బాగా చెబుతారు మేడం. మీరు మాట్లాడతారు," అన్నారు ఫోన్లో ఉన్న డిప్యూటీ గారు. అది పొగడ్తో ఎత్తిపొడుపో నాకిప్పటికీ తెలియదు.

డిప్యూటీ గారంటే మా బడుల మీద తనిఖీ అధికారి. అప్పటికి యాభై దాటిన మనిషి. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెడ్డవాడు కాదు. కానీ ఏ కాగితం మీద సంతకం పెట్టినా, పెట్టాక ఇంకోసారి చదువుకునే రకం. మూడు రోజులూ ఆయన కూడా మాతోనే ఉండాలని పైవాళ్ల ఆజ్ఞ.

గుంటూరులో హోటల్ మెట్ల దగ్గర ఆవిడని మొదటిసారి చూశాను. పొడుగ్గా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కాళ్లకు ఊరంతా నడిచి అరగదీసిన బూట్లు వేసుకుని ఉంది. ఎంపీ అంటే వెనక పదిమంది ఉండాలని నా లెక్క. ఆవిడ వెనక ఒక సంచి మాత్రం ఉంది, అదీ ఆవిడ భుజానికే. నా ఇంగ్లీషు సరిపోతుందో లేదోనని రాత్రంతా బెంగపడ్డాను. తీరా చూస్తే ఆవిడదీ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషే. ఇద్దరం వెతుక్కుంటూ మాట్లాడుకున్నాం, అందుకే ఇద్దరికీ బాగా అర్థమైంది.

కారులో కూర్చున్నాక ఆవిడ తన సంగతులు చెప్పింది. అడక్కుండా చెప్పలేదు, నేనే తోడి తోడి అడిగాను. మొదట ఆవిడా టీచరేనట. ఉత్తరాన అడవుల మధ్య చిన్న ఊరు. చలికాలం అక్కడ పొద్దున బడి వేళకి కూడా చీకటేనట. బడి బస్సు ఆగేచోట దీపం లేదు. చిన్నపిల్లలు మంచులో చీకట్లో నిలబడుతున్నారని, ఒక దీపం పెట్టించమని అడగడానికి వాళ్ల మునిసిపాలిటీ సమావేశానికి వెళ్లింది. "ఇక్కడ సభ్యులే మాట్లాడాలి" అన్నారట. సరే అని తర్వాతి ఎన్నికల్లో నిలబడింది.

"ఒక్క దీపం కోసమా?" అన్నాను.

"గెలిచాక కూడా అది పెట్టించడానికి చాలాకాలం పట్టింది," అంది నవ్వుతూ.

అక్కడి నుంచి ఊరి బడుల సంఘం, అక్కడి నుంచి పార్లమెంటు. మధ్యలో ఒకసారి ఇంకా పెద్ద పదవి ఇస్తామన్నారట, వద్దంది. వేరే దేశాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ల పిల్లలకి సొంత భాషలో పాఠాలు తగ్గించొద్దని సొంత పార్టీతోనే పోట్లాడింది. ఏళ్ల తరబడి తయారుచేసిన చట్టం ఒకటి ప్రభుత్వం మారగానే అటకెక్కిందట. మరేం చేశారని అడిగితే, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి నుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టానంది. కోపం రాలేదా అంటే, పిల్లలు కూడా ప్రతి ఏడాదీ కొత్తవాళ్లే వస్తారు కదా, వాళ్లకి అఆలు మళ్లీ చెప్పమా అంది. మాకు ప్రభుత్వం మారితే బడి గోడ రంగు మారుతుందని చెప్పాను. ఆవిడ జోకనుకుని నవ్వింది, నేను సరిదిద్దలేదు.

మన దగ్గరి నుంచి వెళ్లాక వచ్చిన ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది. ఆ సంగతి ఆవిడే రాసింది. ఇప్పుడు మళ్లీ వాళ్ల ఊరి బడుల సంఘంలో సభ్యురాలట, పార్లమెంటుకి ముందు కూర్చున్న కుర్చీలోనే. ఎంపీగా చేసినావిడ ఊళ్లో వార్డు మెంబరు పని చేయడం మనకి నామోషీ. ఆవిడ ఉత్తరంలో ఆ ఛాయ కూడా లేదు. నాకు ఆవిడంటే గౌరవం పెరగడానికి అది కూడా ఒక కారణం.

మొదటి రోజు టౌన్లో ఒక పెద్ద బడి చూపించాం. పిల్లలు కూచిపూడి ఆడారు, స్వాగతం పాట పాడారు, ఒక పిల్ల స్వీడన్ రాజధాని పేరు చెప్పింది. ఆవిడ అన్నిటికీ చప్పట్లు కొట్టి, కారెక్కాక నాతో మెల్లగా అంది. "నేను వెళ్లిన ప్రతి బడికీ నాకన్నా ముందు సున్నం వెళుతుంది. మా దేశంలో కూడా." ముందు సీట్లో డిప్యూటీ గారు "ఏమంటున్నారండీ?" అని అడిగారు. "గోడలు శుభ్రంగా ఉన్నాయంటున్నారు," అన్నాను. అబద్ధమేం కాదు కదా.

అసలు రోజు రెండోది. ప్రత్తిపాడు దాటి లోపలికి వెళితే ఒక ఊరు. చుట్టూ నల్లరేగడి, అటు చూస్తే పత్తి, ఇటు చూస్తే మిరప. అప్పుడు మిరప కోతల రోజులు. ఆ రోజుల్లో కర్నూలు వైపు నుంచి కూలీలు లారీల్లో పిల్లాపాపలతో వచ్చి, చేల గట్ల మీద గుడిసెలు వేసుకుని, కోతలయ్యేదాకా ఉంటారు. ఆ ఊరి బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఒక నడివయసు టీచరమ్మ. చీరాల చీర, స్కూటరు, గట్టి గొంతు. ఆ కూలీల పిల్లల్ని గుడిసెల దగ్గరికి వెళ్లి బడికి తెస్తుందని పేరు. అందుకే ఆ బడిని ఎంచారు.

వెళ్లేసరికి వరండా అద్దంలా ఉంది. ముగ్గులు, మామిడాకులు, బొకేలు. తరగతిలో పిల్లలు ఉతికిన బట్టల్లో కూర్చున్నారు. డిప్యూటీ గారు నోట్సులు చూపించారు, బోర్డు చూపించారు, కొత్త కుళాయి చూపించారు. ఆవిడ అన్నీ చూసి, పిల్లల ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాళ్లని ఒక ప్రశ్న అడగమని నాకు చెప్పింది.

"ఈరోజు బడికి రాని మీ స్నేహితులు ఎవరు?"

నా సర్వీసులో ఎంతమంది వచ్చారని అడిగినవాళ్లున్నారు, ఎంతమంది రాలేదని అడిగినవాళ్లున్నారు. ఎవరు రాలేదని అడిగిన తనిఖీ అధికారిని నేను చూడలేదు. తెలుగులో అడిగాను. ముందు వరసలో ఒక బుడతడు చటుక్కున లేచాడు.

"ఉయ్యాల అక్కలు రాలేదు మేడం."

టీచరమ్మ ముఖం వాడిపోయింది. డిప్యూటీ గారు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "జ్వరాలని చెప్పండి మేడం," అన్నారు. చెప్పేదాన్నేమో, తెలియదు. కానీ ఈలోగా ఆ బుడతడు ఉయ్యాల అంటే ఏమిటో దొరసానికి తెలియదనుకున్నట్టున్నాడు, రెండు చేతులూ చాచి అటూ ఇటూ ఊపి చూపించేశాడు. ఏ జ్వరానికీ చేతులు అలా ఊగవు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అప్పుడు టీచరమ్మ నోరు విప్పింది. కూలీల ఆడపిల్లల్లో కొందరు చంటిపిల్లల్ని చూసుకోవాలి కాబట్టి బడికి రాలేరు. చంటివాళ్లని కూడా ఎత్తుకు రమ్మని, వరండా దూలానికి పాత చీరలతో ఉయ్యాలలు కట్టించిందట. అక్కలు గుమ్మం పక్కన కూర్చుని, ఒక చెయ్యి బయటికి పెట్టి ఉయ్యాల ఊపుతూ పాఠం వినేవాళ్లట. పోయినవారం తనిఖీలో డిప్యూటీ గారు అది చూసి, "ఇది బడా, పురిటిల్లా?" అని తీయించేశారు. విదేశీ అతిథి వస్తుంటే ఆ చీరలు అలా వేలాడితే పరువేం కాను?

ఆవిడ అంత దూరం నుంచి ఏం చూడాలని వచ్చిందో, సరిగ్గా దాన్నే తీసి అటక మీద పెట్టి, ముగ్గులు వేసి స్వాగతం చెప్పాం. మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పని.

"ఆ అమ్మాయిలు ఇప్పుడెక్కడున్నారు?" అంది ఆవిడ.

"కల్లాల దగ్గరండీ," అంది టీచరమ్మ.

కల్లమంటే కోసిన కాయ ఆరబోసే చోటు. మధ్యాహ్నం గుంటూరులో సన్మానం ఉందని, టైము లేదని డిప్యూటీ గారు అంటూనే ఉన్నారు. ఆవిడ అప్పటికే టీచరమ్మ స్కూటరు వెనక కూర్చుంది. మేం కారులో వెంటపడ్డాం.

కల్లంలో ఎటు చూసినా ఎరుపు. గాలి వీస్తే ఘాటు. డిప్యూటీ గారు దిగీదిగగానే తుమ్ములు మొదలుపెట్టారు. పక్కచేలో ఆడవాళ్లు కాయ కోస్తున్నారు. కల్లం పక్కన చిన్న పందిరి కింద పదేళ్ల పిల్ల ఒకతి, ఏడాది నిండని చెల్లెల్ని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. టీచరమ్మని చూడగానే లేచి నిలబడింది.

ఆవిడ ఆ పిల్లని పలకరించి, ఆ తర్వాత నావైపు తిరిగి, "ఈ అమ్మాయి కూడా కాయ కోస్తుందా?" అని అడిగింది. ఆవిడ చదివిన రిపోర్టులన్నీ బాలకార్మికుల గురించేనట. నేనూ అదే అనుకున్నాను. ఈలోగా పిల్ల తల్లి చేలోంచి వచ్చింది. నేను అడిగితే అదోలా చూసింది.

"అది కాయ ముట్టదక్కా. ముట్టనియ్యం. మా చేతులు జూడు, నిప్పులు. ఈ చేతుల్తో బిడ్డను ఎత్తుకుంటే వొళ్లంతా మంటలే. పాలియ్యాలన్నా మజ్జిగతో కడిగి, నూనె పూసి, కొంగుతో ఎత్తుకోవాల. దాని చేతులు సుబ్బరంగా ఉండాలనే దాన్ని పనికి పెట్టం."

అంటే ఆ పిల్లకున్న పనల్లా చేతులు శుభ్రంగా ఉంచుకోవడం. ఆ పనికి బడి పోయింది. కర్నూలు వైపు సొంత ఊళ్లో ఒకసారి పోయింది, ఇక్కడ ఉయ్యాలలు తీసేశాక మళ్లీ పోయింది. కోతలయ్యేదాకా ఇంతే. వచ్చే ఏడు ఇంకా పెద్దదవుతుంది, అప్పుడు చేతులు కూడా పనికొస్తాయి. తల్లి ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు. రేపు కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది.

అదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పిల్లని అడగమంది, బడికి వెళ్లాలనుందా అని. పిల్ల చెల్లెలివైపు చూసింది.

"దీన్ని ఎవరు ఎత్తుకుంటారు?"

"నేను ఎత్తుకుంటానని చెప్పండి," అంది ఆవిడ. "బడి వదిలేదాకా ఇక్కడే ఉంటాను."

నేను చెప్పాను. తల్లి నమ్మలేదు. నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూసి, ఆఖరికి, "కాయలేమన్నా ముట్టుకుందేమో, చేతులు జూపించమను," అంది.

పార్లమెంటు సభ్యురాలు రెండు చేతులూ చాచింది. ఒకటో తరగతి పిల్లలు గోళ్లు చూపిస్తారే, అలా. తల్లి తన చేతులు తగలకుండా వంగి, ఆ అరచేతుల్ని వాసన చూసి, సరేనంది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటని అందరికీ చెప్పాను.

టీచరమ్మ పెద్దపిల్లని స్కూటరు మీద బడికి తీసుకుపోయింది. చంటిది ఆవిడ తెల్లటి ముఖం చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ వాళ్ల భాషలో ఏదో కూనిరాగం తీస్తూ పందిరి కింద అటూ ఇటూ నడిచింది. చంటిది కళ్లజోడు లాక్కుంటే ఆవిడ ఇచ్చేసింది. చంటిది చొక్కా తడిపినా పట్టించుకోలేదు. చేలో ఆడవాళ్లు కోత ఆపి ఒకటే నవ్వులు. "దొరసానమ్మకి కూలి ఎంతిస్తావే?" అని తల్లిని ఎగతాళి చేశారు.

డిప్యూటీ గారికి ఫోన్ల మీద ఫోన్లు. "మేడం, కాస్త చెప్పండి. శాలువా కప్పడానికి పెద్దవాళ్లంతా వచ్చి కూర్చున్నారంట," అని నన్ను బతిమాలారు. చెప్పాను. ఆవిడ భుజం మీద అప్పుడే కునుకు పట్టిన పిల్లని చూపించి, "భుజం ఖాళీ లేదని చెప్పండి," అంది.

ఇక చేసేదేం లేక ఆయన కాయ నింపిన బస్తా మీద కూలబడ్డారు. మడత నలగని చొక్కా ఎర్రగా అయింది. కాసేపటికి తనంతట తానే నాతో మాట్లాడారు.

"నేనేం రాక్షసుణ్ణి కాదు మేడం. నాకూ మనవరాలుంది. బళ్లో చంటిపిల్లలుంటే, రేపు ఏ చీరో తెగి పడితే? పేపర్లో ఎవరి పేరు పడుద్ది? టీచరు పేరు, దానికింద నా పేరు. ఇంకెంత సర్వీసుందని నాకు?"

ఆయన ఏమన్నారని ఆవిడ అడిగింది. ఆయన వద్దంటారేమోనని చూశాను, ఏమీ అనలేదు. చెప్పాను. ఆవిడ వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు.

"ఆయన భయం నిజమైనదే. నేను కూడా బడుల సంఘంలో ఉన్నప్పుడు అదే భయంతో చాలా వాటికి వద్దన్నాను. ఏమైనా జరుగుతుందేమో అని. కానీ ఇక్కడ జరుగుతూనే ఉంది కదా. ఈ పిల్ల బడి మానేసింది. దాని కింద ఎవరి పేరూ పడదు, అంతే తేడా."

ఇది తెలుగులో చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎంతైనా ఆయన నా పైఅధికారి. కానీ మధ్యలో నిలబడ్డవాళ్లు మాటని మింగేస్తే అటూ ఇటూ ఇద్దరూ చెడతారు. మెత్తగా, కానీ మొత్తం చెప్పాను. ఆయన తుమ్మి, జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకుని, మళ్లీ మోగుతున్న ఫోను ఆపేశారు.

పిల్లలూ, చదువుల మీద పెద్ద పెద్ద ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. ఆవిడ ఆ మధ్యాహ్నం ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు. మన అధికారులకి నీతులు చెప్పలేదు, మా దేశంలో ఇలా ఉండదని అనలేదు. ఒక పిల్ల బడికి పోవాలంటే ఏం కావాలో కనుక్కుని, ఆ పూటకి అది తానే అయింది. పాలసీ అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఆ రోజు చూసిందే.

బడి వదిలాక టీచరమ్మ స్కూటరు వచ్చింది. పిల్ల దూకి పరిగెత్తుకొచ్చింది. థాంక్సు, నమస్కారం ఏమీ లేవు. ముందు చెల్లెల్ని లాక్కుని, నెత్తి నుంచి కాళ్లదాకా తడిమి చూసుకుంది. "ఏడ్చిందా? పాలు తాగిందా?" అని నన్నడిగింది. నేను ఆవిడనడిగితే, ఆవిడ ఎంతసేపు పడుకుందీ, ఎన్నిసార్లు లేచిందీ వివరంగా చెప్పింది. పిల్ల అంతా విని, పర్వాలేదన్నట్టు తల ఊపి, ఆవిడ వైపు చూసింది.

"రేపు గూడా వస్తావా?"

చెప్పాను. ఆవిడకి మర్నాడు సాయంత్రం విమానం. పార్లమెంటులో ఎంతమందికి జవాబు చెప్పిందో గానీ, ఈ పిల్లకి చెప్పలేకపోయింది. చివరికి బస్తా మీద కూర్చున్న డిప్యూటీ గారి వైపు చెయ్యి చూపించి, "ఆయన్ని అడగండి," అంది.

ఆయనకి తెలుగు వచ్చని మర్చిపోయి కాదు. అయినా వెళ్లి ఆయన ముందు నిలబడి చెప్పాను.

"రేపు కూడా వస్తుందా అని అడుగుతోందండీ."

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. ఎరుపు పోలేదు. పిల్ల దగ్గరికి వెళ్లారు.

"ఆవిడ రారమ్మా. నువ్వే రా. చెల్లెల్ని ఎత్తుకుని రా. టీచరమ్మ మళ్లీ ఉయ్యాల కడతారు."

పిల్ల టీచరమ్మని చూసింది, మళ్లీ ఆయన్ని చూసింది. చెల్లెల్ని ఇంకో చంకలోకి మార్చుకుంది.

"ఎవరన్నా వచ్చి తిడితే?"

"నేను రమ్మన్నానని చెప్పు."

"నీ పేరేంది?"

ఆయన పిల్ల ఎత్తుకి వంగారు. తర్వాత ఆ పిల్లకి తన పేరు చెప్పారు, ఇంటిపేరుతో సహా.